పేర్లు వేలాడే ఇల్లు

"ఆ వీధిలో ముప్పై ఏళ్లుగా ఎవరూ చావలేదండీ," అన్నాడు సూపర్‌వైజర్.

చెప్పేశాక తన మాట తనకే నచ్చలేదేమో, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బుధవారం ఉదయం పదీ పది. జనాభా లెక్కల కోసం ఒక బడిగదిని ఆఫీసు చేశారు. నల్లబల్ల మీద వార్డు మ్యాపు, పిల్లల బెంచీల మీద ఫారాల కట్టలు. ఆయన అసలు ఉద్యోగం హెడ్మాస్టరు. సోమవారం మధ్యాహ్నం నుంచి కనిపించకుండా పోయిన టీచర్ ఈ లెక్కల్లో ఆయన కింద ఇంటింటికీ తిరిగి రాసుకునే ఎన్యూమరేటర్. రిటైరైన పోలీసునని సోమవారం రాత్రే నన్ను వెతుక్కుంటూ వచ్చిన ఆమె తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు కోసే పని అతనిది. రెండు రోజులుగా నిద్ర లేదని అతని కళ్లే చెబుతున్నాయి.

"కాస్త విడమరిచి చెప్పండి," అన్నాను.

"మీరడిగారని పాత లెక్కలు తీయించాను. రిజర్వాయర్ కింద మునిగిన ఊళ్ల వాళ్లను తెచ్చి పెట్టిన వీధి అది. అప్పుడు రాసిన జాబితాలో అరవై ఒక్క ఇళ్లు, మూడొందల పద్దెనిమిది మంది. ఇరవై ఏళ్ల కిందటి లెక్కలో మూడొందల పద్దెనిమిది. పదేళ్ల కిందట కూడా అంతే. ఇప్పుడు మీ టీచరమ్మ అరవై ఇళ్లు రాసింది. మూడొందల పదిహేడు. ఇంకొక్క ఇల్లుంది, అందులో ఒక్కరే మనిషి. మీరే కూడుకోండి."

"అందరికంటే చిన్న వయసు ఎవరిది?"

ఆయన వేలు కాగితం మీద చాలాసేపు తిరిగింది. "ముప్పై ఒకటి."

"మూడొందల మందిలో ముప్పై ఏళ్ల లోపు మనిషే లేడా?"

"లేడు."

"పెద్ద వయసు?"

"నూట నాలుగు. అరవై ఒకటో ఇంట్లో ఉండే ముసలావిడ."

"ఇవన్నీ టీచర్ కూడా చూసిందా?"

ఆయన తల దించుకున్నాడు. "శనివారం ఫోన్ చేసిందండీ, సార్ ఇది మనుషుల లెక్కలా లేదు అని. నేను కసిరాను. లెక్క సరిపోతే సంతోషించక నీకెందుకమ్మా ఈ గోల అన్నాను."

"ఆమెని మీరు ఎప్పుడైనా చూశారా?"

"లేదండీ. ఫోన్లోనే. ఫారాలు అటెండర్ పట్టుకొస్తాడు."

తమ్ముడు అప్పుడు నోరు విప్పాడు. "సోమవారం మూడుంబావుకి నాతో మాట్లాడింది. ఒక్క ఇల్లు మిగిలింది, అయిపోగానే వచ్చేస్తాను అంది. నాలుగూ అయిదుకి చేస్తే ఫోన్ స్విచాఫ్."

"ఇంకో సంగతి," అన్నాను సూపర్‌వైజర్‌తో. "తలుపుల మీద నంబరు రాసి పక్కన టిక్కు పెడతారు కదా, ఎప్పుడు పెడతారు?"

"ఆ ఇంటి ఫారం పూర్తయ్యాకే. ముందే పెడితే నా చేత తిట్లు తప్పవు."

తమ్ముణ్ణి అక్కడే ఉండి అక్క రాసిన ఫారాలన్నీ చూడమన్నాను. చేతిరాత ఎక్కడైనా మారిందేమో అతనికే తెలుస్తుంది. నేను బయల్దేరాను.

* * *

పదకొండు అయిదుకి వీధి మొదట్లో దిగాను. ప్రతి ఇంట్లోంచీ కుట్టుమిషన్ల చప్పుడు. రెండడుగులు లోపలికి వేశానో లేదో, మొదటి ఇంట్లో మిషన్ ఆగింది. తర్వాత రెండో ఇల్లు. నేను నడిచే కొద్దీ నాకంటే ఒక ఇల్లు ముందుగా చప్పుడు ఆగిపోతూ పోయింది. పది ఇళ్లు దాటేసరికి మిగతా వీధంతా ఒక్కసారే ఆగింది, నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పద్నాలుగో ఇంటి గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. జడలో తెల్ల వెంట్రుక లేదు, ముఖం మీద ముడత లేదు. పాతికేళ్లుంటాయి, అంతకు మించి ఒక్క రోజు కూడా ఉండదు.

"టీచరమ్మ మీ ఇంట్లో ఎంతమందిని రాసుకుంది?" అనడిగాను.

"నలుగుర్ని."

"నీ వయసెంతని రాయించావు?"

"అరవై ఆరు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె చూపు తిప్పుకోలేదు.

"అరవై ఆరా?"

"కాయకష్టం చేసే ఒళ్లమ్మా. వయసు పైకి కనబడదు."

నవ్వొచ్చి ఉండేదే. కానీ ఆమె వెనక, నేల మీద, అరచేతి పొడవు చెప్పుల జత కనిపించింది. ఆమె నా చూపు పట్టుకుని కాలితో వాటిని తలుపు వెనక్కి నెట్టేసింది.

"పిల్లలెక్కడ?"

"మా వీధిలో పిల్లల్లేరు."

"టీచరమ్మ సోమవారం ఎన్నింటికి వెళ్లిపోయింది?"

"మూడూ ఇరవై. అరవయ్యో ఇల్లు రాసుకుని, అటు నుంచి అటే వెళ్లిపోయింది. చివరింట్లో ఎవరూ లేరు."

పక్కింటి మగమనిషినడిగాను. "మూడూ ఇరవై. అరవయ్యో ఇల్లు రాసుకుని, అటు నుంచి అటే వెళ్లిపోయింది. చివరింట్లో ఎవరూ లేరు." ఎదురింటి ముసలాయన కూడా అదే చెప్పాడు. మాట పొల్లుపోలేదు. ఆపిన చోటే ఆపారు, ఊపిరి పీల్చిన చోటే పీల్చారు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాళ్లను సర్వీసులో చాలామందిని చూశాను గానీ, వీధి వీధంతా అప్పజెప్పడం ఇదే మొదటిసారి. 

చివరింటి తలుపు దగ్గర ఆగాను. నల్ల మార్కరుతో 61. పక్కన టిక్కు.

వంగి చూశాను. దారి పొడుగునా నంబర్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, నా భుజం కంటే కిందగా. టీచర్ పొట్టి మనిషని తమ్ముడు చెప్పాడు. ఇదీ అదే ఎత్తు, అదే చేతివాటం, టిక్కు చివర అదే చిన్న వంకర. అంటే ఆమె ఈ ఇంటికొచ్చింది. ఈ ఫారం పూర్తి చేసింది. ఎవరూ లేని ఇంట్లో ఎవరి దగ్గర రాసుకుంది మరి?

వెనక జీపు ఆగింది.

"మేడమ్, మీకింకా రిటైర్మెంట్ అలవాటు కాలేదా?"

ఇన్‌స్పెక్టర్. ఆరడుగుల మనిషి. నేను డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో పన్నెండేళ్లు నా కింద పనిచేశాడు. పనిమంతుడే. ఇప్పుడు నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఆ సంగతి కలిసిన ప్రతిసారీ ఏదో ఒక మాటలో గుర్తు చేస్తాడు.

"కేసు తేలిపోయింది మేడమ్. ఆవిడ స్కూటర్ బస్టాండు పార్కింగులో దొరికింది. టోకెన్ మీద టైము నాలుగూ యాభై. సొంత ఇష్టంతో బస్సెక్కి వెళ్లింది. పెళ్లీడు దాటినా పెళ్లి కాని మనిషి, ఎక్కడికో వెళ్లుంటుంది. మీరొచ్చి ఈ పేదవాళ్లను భయపెట్టడం దేనికి?"

"పొద్దున ఎనిమిదింటికి నేనూ ఆ స్కూటర్ చూసే వచ్చాను. అద్దాలు సరిచేసి ఉన్నాయి."

"అయితే?"

"సీటు మీద కూర్చుని చూశాను. రెండు అద్దాల్లోనూ నాకు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. టీచర్ నా భుజానికొస్తుంది. ఆ స్కూటర్ని బస్టాండుకి తీసుకెళ్లినవాడు కనీసం ఆరడుగుల మనిషి."

అతను టోపీ సర్దుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. "ఊళ్లో ఆరడుగుల వాళ్లు వేలమంది ఉన్నారు."

"ఉన్నారు. వాళ్లలో ఎవరు అడగకముందే జీపేసుకుని ఈ వీధికి వస్తారో చూద్దామనే ఇంతసేపు నిలబడ్డాను."

"సెర్చ్ వారంట్ ఉందా మీ దగ్గర?" గొంతు మారింది. "లేకపోతే ఈ తలుపు ముట్టుకోకండి. మర్యాదగా చెబుతున్నాను."

"నాకు వారంటెందుకయ్యా? ఇంటావిడ రమ్మంటే వెళ్తాను."

ఆ ఇంటావిడ అప్పటికే అరవయ్యో ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చుని ఉంది. తెల్లగా నెరిసిన జుట్టు, నడుముకి తాళంచెవి. డెబ్బై ఏళ్లుంటాయేమో. నూట నాలుగు మాత్రం కాదు.

"పెద్దమ్మా, దాహంగా ఉంది. కాసిని మంచినీళ్లిస్తావా?" అన్నాను.

ఆమె నా వైపు కాదు, ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు, కనబడీ కనబడనట్టు. ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. వచ్చి తాళం తీసింది.

"రా తల్లీ. ఎన్నాళ్లని మోస్తాను?"

* * *

లోపల ఒకటే గది. మంచం లేదు, పొయ్యి లేదు. నాలుగు గోడలకీ మేకులు. ప్రతి మేకుకీ దారంతో వేలాడుతున్న ఒక గుర్తింపు కార్డు, ప్లాస్టిక్ కవరులో పసుపు పట్టిపోయిన ఫొటో. తలుపు తీసిన గాలికి మూడొందల కార్డులూ ఒక్కసారి కదిలి, ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. మూడొందల ముఖాలు అటూ ఇటూ తిరిగి, మెల్లగా నా వైపు మళ్లి ఆగాయి.

ప్రతి కార్డు కిందా గోడకి అంటించిన కాగితం చీటీ. చీటీ మీద ఒక పేరు. కొన్నింటి మీద ఆ పేరు కొట్టేసి, కింద ఇంకొకటి. ఒకచోట మూడు పేర్లు కొట్టేసి ఉన్నాయి.

"ఇవి ఎవరివి?"

"జాబితాలో వాళ్లవి." ముసలావిడ గోడకి చేరగిలింది. "మమ్మల్ని ఇక్కడ దింపిన రోజున చెప్పారు తల్లీ. జాబితాలో పేరున్నంత కాలమే ఇల్లు. పేరు పోతే గది వెనక్కి తీసుకుంటారు. జాబితాలో లేని మనిషి ఒక్కడు కనబడినా కుటుంబం మొత్తం ఖాళీ చేయాలి. మొదటి ఏడాది పక్క వీధిలో ఒకాయన పోతే, పెళ్లాం బిడ్డల్ని మూడో రోజున బయట పెట్టారు. ఆ తర్వాత మా వీధిలో ఎవరూ పోలేదు."

"అంటే పోయినవాళ్ల పేర్లు..."

"ఉన్నవాళ్లకి ఇస్తాం. ఎవరికిచ్చామో కింద చీటీ మీద రాస్తాం. కోడలొస్తే ఒక పేరు. బిడ్డ పుడితే, పేరు ఖాళీ అయ్యేదాకా ఆగుతాం. నా పేరు ఒక కొత్తకోడలికిచ్చాను, ఇప్పుడు నాది మా అత్తగారి పేరు. ఆవిడ పోయి ఇరవై రెండేళ్లయింది. ఈ గోడల మీద నూట నలభై మంది లేనివాళ్లు. పేర్లు మాత్రం తిరుగుతున్నాయి."

పద్నాలుగో ఇంటి అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె అబద్ధమాడలేదు. ఆమె వేసుకున్న పేరుకి నిజంగానే అరవై ఆరేళ్లు.

"పేరు దొరకని పిల్లలు?"

ముసలావిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. "విన్నారుగా. ఇప్పుడు మీరు ఈ సంగతి బయట పెడితే అరవై కుటుంబాలు రోడ్డు మీద పడతాయి. మంచినీళ్ల వంక తీరింది కదా, వెళదాం పదండి."

నేను గోడ వెంట నడుస్తూ కార్డులు చూస్తున్నాను. కిటికీ పక్క వరసలో ఎనిమిదేళ్ల కుర్రాడి ఫొటో. ముందు పళ్లు రెండు లేవు, అయినా నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కార్డు మీద పేరు చదివాను. ఇంకోసారి చదివాను. వెనక్కి తిరిగి ఇన్‌స్పెక్టర్ ఛాతీ మీది పేరు పలక చూశాను.

ఇంటిపేరుతో సహా అదే. పన్నెండేళ్లు నేను రోజూ పిలిచిన పేరు.

"వాడు నా మనవడు," అంది ముసలావిడ. "మునిగిపోయిన మన ఇల్లు నీళ్లలో కనబడుతుందేమో చూస్తానని వెళ్లి, మరి రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ వీడేమో ఆ జాబితా రాసిన రోజున ఒళ్లెరగని జ్వరంతో ఉన్నాడు. వీడి పేరు రాయలేదు. తల్లీ తండ్రీ లేని పిల్లాడు. నా చేత్తోనే ఇచ్చాను, నా మనవడి పేరు. బడికి వెళ్లాడు, చదువుకున్నాడు, ఇంతవాడయ్యాడు."

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు లోపలికి వేశాడు. "నానమ్మా, ఇక చాలు."

ఆ 'నానమ్మా'లో బెదిరింపు లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడి గొంతు అది.

అప్పుడే నా ఫోన్ మోగింది. పన్నెండూ ఇరవై. టీచర్ తమ్ముడు. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"మేడం, ఇక్కడికి ఒకావిడ వచ్చింది. అక్క కార్డు మెళ్లో వేసుకుంది. అరవై ఒకటో ఫారం ఇచ్చి, అక్క పేరుతో సంతకం పెడుతోంది. సూపర్‌వైజర్ గారు, వచ్చావా తల్లీ, బతికించావు అంటున్నారు." గొంతు ఇంకా తగ్గించాడు. "ఆవిడ మా అక్క కాదు మేడం."

"ఏమీ అనకు. ఆవిణ్ణి కదలనివ్వకు."

ఫోన్ పెట్టేసి గోడలన్నీ మళ్లీ చూశాను. ఈసారి దేనికోసం చూడాలో తెలుసు. తలుపు వెనక, వరస చివర, తుప్పు పట్టని కొత్త మేకు. కింద నేల మీద సున్నం పొడి ఇంకా తుడవలేదు. కార్డు లేదు. చీటీ మాత్రం ఉంది.

"పెద్దమ్మా, మూడొందల పంతొమ్మిదో మేకు ఎవరు కొట్టారు?"

ముసలావిడ దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చీటీ చదివింది. "ఇది నీ చెల్లెలి పేరు కదరా!" అని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. బడిగదిలో టీచర్ కార్డు వేసుకున్న మనిషి ఎవరో నాకు అర్థమైంది. ఆమె మాట ఆగలేదు. "పోయినవాళ్ల పేరే ఇస్తాం మనం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తప్పామా? బతికున్న మనిషి పేరు ఊడబెరికి ఇంకొకరికి తగిలించావా?"

బతికున్న మనిషి.

సోమవారం నుంచి నా గుండెలో ఉన్న రాయి కాస్త కదిలింది. ముసలావిడకి తాను ఏమందో అప్పుడు తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడుంది టీచర్?" అనడిగాను.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి గడియ పెట్టాడు. చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది, కానీ అక్కడే ఆగింది. "రేపు సాయంత్రం అయిదింటికి లెక్కలు మూసేస్తారు. అప్పటిదాకానే. ఒంటి మీద చెయ్యి వేయలేదు, అన్నం వేళకి అన్నం పెడుతున్నాం. ఆవిడ రాస్తానంది మేడమ్. ఉన్నది ఉన్నట్టు రాస్తానంది. కాళ్లు పట్టుకున్నాను."

"పట్టుకున్నావు. ఆ తర్వాత ఆమె స్కూటరెక్కావు."

"మీరైతే ఏం చేసేవారు?" అన్నాడు. పన్నెండేళ్లలో అతను నన్ను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

నేను నోరు తెరవబోయాను. అప్పుడే వినబడింది.

పై నుంచి. చెక్క కప్పు అవతల నుంచి. చాలా గొంతులు కలిసి, ఒక్క గొంతు కూడా పెరగకుండా, గుసగుసగా.

"రెండు ఒకట్లు రెండు... రెండు రెళ్లు నాలుగు... రెండు మూళ్లు ఆరు..."

 అరవడం అంటే తెలియని పిల్లలు చెప్పే ఎక్కాలు అవి. పుట్టినప్పటి నుంచి మెల్లగా ఏడవడం, మెల్లగా నవ్వడం నేర్చిన గొంతులు. కప్పు మీద గాలి పాకుతున్నట్టుంది.

"రెండు రోజుల నుంచి చెబుతోంది," అంది ముసలావిడ. "తాళం వేసిన గదిలో పెడితే ఏడుస్తుందనుకున్నాం. కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది."

గది మూల నిచ్చెన, దాని పైన తాళం వేసిన చెక్క తలుపు. నేను అటు నడిచాను. ఇన్‌స్పెక్టర్ అడ్డం వచ్చాడు. అంతకంటే ముందే ముసలావిడ వెళ్లి నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.

"ముందు నన్ను ఈడ్చి పడెయ్యి. నా మనవడి పేరు పెట్టుకున్నావుగా, ఆ పేరుతోనే ఈడ్చు."

అతను కదల్లేదు. ఆమె నడుం నుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

మెట్లెక్కి తాళంచెవి తిప్పబోతుండగా పైన ఎక్కం సగంలో ఆగిపోయింది. "రెండు ఏళ్లు..." అని, అంతే. తర్వాత అడుగుల చప్పుడు, ఒక్క మనిషివి, గబగబా అటూ ఇటూ.

తలుపు తోశాను. కప్పుకీ రేకులకీ మధ్య పొడవాటి గది. వరసలుగా పిల్లలు, నెలల బిడ్డ దగ్గర్నుంచి పదీ పన్నెండేళ్ల వాళ్ల దాకా. అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు, ఒక్కరూ నోరు తెరవలేదు. వాళ్ల మధ్య ఒక పొట్టి మనిషి, చెదిరిన జుట్టు, చేతిలో ఖాళీ ఫారం, దాని మీద లెక్కకి గీసుకున్న నిలువు గీతలు.

"టీచర్ గారూ, మీ తమ్ముడు పంపితే వచ్చాను. ఇక భయం లేదు."

ఆమెకి నా మాట వినబడినట్టు లేదు. పెదవులు కదులుతున్నాయి. వేలితో ఒక్కొక్క తలనీ చూపిస్తూ చివరిదాకా వెళ్లింది, మళ్లీ మొదటికొచ్చింది.

"నలభై ఆరు," అంది.

"ఏమిటి?"

"పొద్దున అన్నం పెట్టినప్పుడు నలభై ఏడు మంది. మూడుసార్లు లెక్కపెట్టాను." ఆమె గది చివర కిటికీ వైపు చూపించింది. ఊచలు రెండు ఊడదీసి ఉన్నాయి, బయటి వైపు నుంచి. ఊడిన చోట చెక్క ఇంకా తెల్లగా ఉంది. "నాలుగేళ్ల పాప. కిటికీ పక్కనే కూర్చునేది. అరవడం రాదు దానికి. ఏ పిల్లకీ రాదు."

నా వెనక నిచ్చెన కిర్రుమంది. ఇన్‌స్పెక్టర్. పైకి వచ్చి ఊచలు చూశాడు, కిందికి వంగి బయట సందు చూశాడు. తిరిగి చూసినప్పుడు అతని కళ్లలో ఉన్నది నటన కాదు. పాతికేళ్లకు పైగా దొంగల్ని, హంతకుల్ని చూసిన నాకు ఆ మాత్రం తెలుస్తుంది. ఇది అతను చేసింది కాదు. ఈ వీధిలో ఎవరూ చేసింది కాదు.

అంటే ఇక్కడ లెక్కలో లేని పిల్లలున్నారని, వాళ్లు పోయినా ఎవరూ వెతకరని, మనకంటే ముందే తెలిసిన మనిషి ఇంకొకరున్నారు.

"ఎంతసేపయింది?" అని టీచర్నడిగాడు. 

"గంట. గంటన్నర. అన్నం పెట్టాక నాకు కునుకు పట్టింది."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. అలవాటు. ఏ కేసులోనైనా మొదటి నిమిషంలో అతను చేసే పని అదే, నేనే నేర్పాను. పెన్ను మూత నోటితో లాగాడు. 'కనబడుట లేదు' అని రాశాడు. ఆ కింద 'పేరు' అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టాడు.

పెన్ను అక్కడే ఆగిపోయింది.

నలభై ఆరుగురు పిల్లలు, చప్పుడు లేకుండా, ఆ పెన్ను వైపే చూస్తున్నారు.